ఉడకబెట్టిన రాయి

తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది, తలుపుకు కూడా మర్యాద నేర్పినట్టు, అది చూసి ఆమెకు ఒళ్ళు మండిపోయింది. మొహం మీద తలుపు వేసేవాళ్ళు కనీసం ధడేల్మని వెయ్యాలి, వేశారని తెలియాలి. "నువ్వు బయట కూర్చో తల్లీ, ఏమైనా అడిగితే పిలుస్తాను" అన్నాడు పెద్దాయన, ఆమె ప్రొఫెసరు, భుజం తట్టి మరీ. తల్లీ అట. తల్లి బయట, తల్లి కన్న బిడ్డ లోపల ఆయన చంకలో. ఆ బిడ్డ ఆమె రాసిన మోడల్, ఇన్నేళ్ళు రాసి, కొట్టేసి, మళ్ళీ రాసిన సమీకరణాల మూట, దాన్ని ఇప్పుడు ఆయన తెర మీద ఆడిస్తున్నాడు, బల్ల చుట్టూ కంపెనీ పెద్దలు కూర్చుని చూస్తున్నారు, ఇంకో గంటలో సరే అంటారు, అంటే వచ్చే వారం నుంచి ఆ పాత చమురు బావుల్లోకి సూక్ష్మజీవుల్ని, వాటికి మేతగా చక్కెర మిల్లులో మిగిలిన మడ్డిని పంపులతో దింపుతారు. దింపనీ, దింపడానికే కదా ఆమె ఇంత కష్టపడింది. కానీ బిడ్డకు చెవి కోసి మరీ తీసుకెళ్ళాడు ఆయన. ఈ పొద్దున్నే సమీకరణంలో చివరి పదం ముందున్న అంకె చెరిపేసి అక్కడ సున్నా పెట్టాడు. విషపు గ్యాస్ ఎంత పుడుతుందో చెప్పేది ఆ పదమే. ఆ గ్యాస్ చేరే ట్యాంకు మీదికి రోజూ ఎక్కి మూత తెరిచేది ఆమె బావ.

కుర్చీ చల్లగా ఉంది, ఈ వరండాలో ఏసీ ఎవరి కోసం పెట్టారో, ఆమె ఒక్కతీ, ఎదురుగా కుండీలో ఒక ప్లాస్టిక్ మొక్క, దాని ఆకుల మీద దుమ్ము మాత్రం నిజమైనది. ఆమె ఆకు ఒకటి పట్టుకుని తుడిచింది, ఎందుకు తుడిచిందో తెలియదు, చేతులు ఊరుకోవడం లేదు. చమురంటే భూమి అడుగున చెరువులా ఉంటుందని అందరూ అనుకుంటారు, అక్క ఇప్పటికీ అలాగే అనుకుంటుంది, మొగుడు పాతికేళ్ళుగా దాన్ని తోడుతున్నా సరే. చెరువూ లేదు, గుంటా లేదు, ఉండేది రాయి. ఆ రాతి సందుల్లో, మూకుడు అడుగున పట్టిన జిడ్డులా, పట్టుకుని వదలదు చమురు, నీళ్ళు తోస్తే నీళ్ళు తమకు తెలిసిన వెడల్పు దారిన జారిపోతాయి, జిడ్డు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. జిడ్డు వదలాలంటే సబ్బు కావాలి. ఆ సబ్బును అక్కడే, అంత లోతున, కూర్చోబెట్టి చేయించాలంటే ఈ జీవులు కావాలి, మడ్డి తిని సబ్బులాంటిది వదులుతాయి, కొన్ని రాతికి అంటుకుని వెడల్పు దారులు మూసేస్తాయి, దాంతో నీళ్ళు గత్యంతరం లేక ఇరుకు సందుల్లోకి దూరి చమురును బయటికి నెడతాయి. ఎన్ని తింటాయి, ఎన్ని పెరుగుతాయి, ఎన్ని చస్తాయి, ఎన్ని దారికి అడ్డం పడతాయి, ఒక్కోదానికి ఒక్కో పదం, ఒకదాన్ని కదిపితే మిగతావన్నీ కదులుతాయి, తీగ లాగితే డొంకంతా కదిలినట్టు. ఆ కదలికంటే ఆమెకు ప్రాణం. మొదటిసారి కంప్యూటర్ మీద చమురు గీత దానంతటదే పైకి లేచిన మధ్యాహ్నం ఆమె అన్నం మానేసి ఆ గీతనే చూస్తూ కూర్చుంది, పెద్దాయన వెనకాల నిలబడి "శభాష్" అన్నాడు, ఆ ఒక్క మాట మీద ఎన్నాళ్ళు బతికిందో తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది, శభాష్ అంటే తోక ఊపే రకమా తను.

ఆయన దొంగయితే బాగుండేది. దొంగ మీద కోపం తేలిక, ఒకసారి తిట్టుకుని చెయ్యి కడుక్కోవచ్చు. ఆయన దొంగ కాదు, ఆడపిల్ల పైపులూ పంపులూ ఏం చూస్తుందని మిగతా మాస్టార్లు పక్కకు పెడితే "చూస్తుందో లేదో చూద్దాం" అని ల్యాబ్ తాళం చేతిలో పెట్టిన మనిషి, జ్వరంతో పడుకుంటే భార్య చేత కాఫీ ఫ్లాస్కు పంపిన మనిషి. వచ్చే ఏడు రిటైరవుతాడు. ఆయన జీవితమంతా ఈ ఒక్క పని, ఎన్ని కంపెనీల గుమ్మాలు ఎక్కాడో, ఎంతమంది "మాస్టారూ, పురుగులు చమురు తోడతాయా" అని నవ్వారో, ఇన్నాళ్ళకు ఒకళ్ళు వింటున్నారు. అందుకని. అందుకని గొంతు కోస్తావా, ఆకలేసిందని పక్కవాడి కంచం లాక్కుంటావా? ఆమె పెదవి కొరుక్కుంది, ఉప్పగా తగిలింది. అంత మంచివాడు ఇంత చెడ్డ పని అంత నెమ్మదిగా ఎలా చేశాడనేది ఆమెకు అసలు కోపం.

ఆ ల్యాబ్‌లో ఒక ఆచారం ఉంది, రాయిని ఉడకబెట్టడం. బావిలోంచి తెచ్చిన రాతి ముక్కను, జానెడు పొడుగు గుండ్రటి ముక్కను, పెద్ద కుక్కర్ లాంటి దాంట్లో పెట్టి ఆవిరితో గంటసేపు ఉడికిస్తారు, అందులో అంతకుముందు ఉన్న జీవులన్నీ చచ్చేదాకా, ఆ తర్వాత శుభ్రమైన ఆ రాతిలోకి తమ జీవుల్ని పంపి చూస్తారు. ఏమిటంటే, పెరిగింది తమదే అని తెలియాలట. మంచిదే, ప్రయోగానికి అది కావాలి, ఎవరూ కాదనరు. ఉడకబెట్టని రాయి మీద పని చేసేవాళ్ళంటే పెద్దాయనకు చిన్నచూపు, చేతులు కడుక్కోకుండా వంటింట్లోకి వచ్చినవాళ్ళను చూసినట్టు చూస్తాడు. ఇంతకీ బావి అడుగున ఉడకబెట్టేదెవరు? అక్కడ ఎన్నో ఏళ్ళుగా కాపురమున్నవాటిని ఎవరు ఖాళీ చేయించారు? అత్తా ఆడబిడ్డలూ ఎవరూ లేని ఇంట్లో కొత్త కోడల్ని పెట్టి, కాపురం ఎంత హాయిగా సాగిందో లెక్క రాసి, ఆ లెక్క పట్టుకుని ఉమ్మడి ఇంట్లోకి పంపితే ఎలా ఉంటుందో అలా ఉంది వీళ్ళ మోడల్, వీళ్ళదేమిటి, తనదే, తనూ చాలా కాలం ఆ ఉడికిన రాతి అంకెలతోనే గీతలు గీసి మురిసింది. కుక్కర్ రబ్బరు చుట్ట చీలిపోయిన ఆ వారం రాకపోతే ఇంకా మురుస్తూనే ఉండేది. కొత్త రబ్బరు వచ్చేలోగా ఒక రాయి ఉడక్కుండానే లోపలికి వెళ్ళింది, ఎవరి తొందరో, కొన్ని రోజులకు గొట్టం చివర నల్లటి నీళ్ళు దిగాయి, కుళ్ళిన గుడ్డు వాసన, ల్యాబ్ ల్యాబంతా ముక్కులు పట్టుకుని మెట్ల మీదికి పరిగెత్తింది. పెద్దాయన రుమాలు అడ్డం పెట్టుకుని తొంగిచూసి "చెడిపోయింది, పారెయ్యండి" అన్నాడు. ఉన్నవాటిలో నిజం చెప్పిన రాయి అదొక్కటే, దానికి పెట్టిన పేరు చెడిపోయిన రాయి. ఆమె పారెయ్యలేదు. కావాలని మళ్ళీ ఉడకబెట్టని రాళ్ళు పెట్టింది, మళ్ళీ నల్లగానే వచ్చాయి. ఆ చమురు ఫీల్డ్‌లో ఏళ్ళ తరబడి సముద్రపు నీళ్ళు దింపుతున్నారు, ఆ ఉప్పులో గంధకం ఉంటుంది, అడుగునున్న పాత కాపురాలు గాలికి బదులు దాన్నే పీల్చి బతుకుతాయి, ఇన్నాళ్ళూ తిండి లేక నీరసంగా పడున్నాయి కాబట్టి సరిపోయింది, ఇప్పుడు వీళ్ళు టన్నుల కొద్దీ మడ్డి వడ్డిస్తే అవి ఊరుకుంటాయా, లేచి కూర్చుంటాయి, కొత్తవాటి కంటే ముందు అవే తింటాయి, తిని ఆ గ్యాస్ వదులుతాయి. అదీ చివరి పదం. అది పెట్టగానే చమురు గీత కొంచెం కుంగింది, దాని కింద ఇంకో గీత లేచింది.

ఆ వాసన ఆమెకు ల్యాబ్‌లోనే కొత్తగా తగలలేదు. చిన్నప్పుడు అక్క ఇంట్లో స్నానాల గది తలుపు వెనక కొక్కేనికి బావ చొక్కా వేలాడేది, దానికి పల్చగా అదే వాసన, ఇప్పుడున్న పాటి గ్యాస్‌కే అంత. అమ్మ పోయాక అక్క చెయ్యి పట్టుకుని ఆ ఇంటికి వచ్చింది ఆమె, బావ ఒక్కసారి కూడా ఎందుకొచ్చిందని అడగలేదు, పళ్ళెం ఇంకోటి కొనుక్కొచ్చాడు. ప్రవేశపరీక్షకు స్కూటర్ మీద వానలో తీసుకెళ్ళి, పరీక్ష అయ్యేదాకా గేటు దగ్గర తడుస్తూ నిలబడి, బయటికి రాగానే ఎలా రాశావని అడక్కుండా "ఆకలేస్తోందా" అన్నాడు. అలాంటి మనిషి. తొందరెక్కువ, నోరు పెద్దది, ఎవరి మాటా వినడు. రోజూ ఆ ఇనప నిచ్చెన ఎక్కి, ట్యాంకు పైన గుండ్రటి మూత తెరిచి, బరువు కట్టిన టేపు లోపలికి వదిలి, చమురు ఎంతవరకూ వచ్చిందో గీత చూడాలి, అదీ ఆయన పని. గీత సరిగ్గా కనపడాలంటే వంగాలి. మొహం ఆ రంధ్రం మీద పెట్టి వంగాలి. ఆమె ఒకసారి ఆ నిచ్చెన కింద నిలబడి పైకి చూసింది, ఎండలో ఆయన వీపు, వంగిన మెడ, అంతే కనిపించింది, తల ట్యాంకు లోపల ఉన్నట్టే ఉంది. గ్యాస్ కొంచెమే ఉంటే ముక్కు చెబుతుంది. ఎక్కువయితే ముందు చచ్చేది ముక్కే, వాసన ఆగిపోతుంది, హమ్మయ్య పోయింది అనుకుని మనిషి ఇంకా వంగుతాడు. ఆ తర్వాత రెండు ఊపిర్లు చాలు. ఇది ఆయనకు చెప్పింది, అన్నం ముందు కూర్చోబెట్టి చెప్పింది, కాగితం మీద బొమ్మ వేసి చెప్పింది. ఆయన బొమ్మ చూసి "ట్యాంకు బాగా వేశావే" అన్నాడు.

లోపల నవ్వులు. పెద్దాయన ఏదో జోకు వేసుంటాడు, ఆ జోకేమిటో కూడా ఆమెకు తెలుసు, జీతం అడగని, సెలవు పెట్టని పనివాళ్ళు అని, ప్రతి మీటింగులోనూ అదే, ప్రతిసారీ నవ్వుతారు. టీ ట్రే పట్టుకుని ఒకావిడ వచ్చి భుజంతో తలుపు నెట్టింది, ఆ కాస్త సందులోంచి తెర కనిపించింది, ఆ గీత, కొండ ఎక్కినట్టు నున్నగా, ఒక్క కుదుపు లేకుండా పైకి పోతోంది. ఎంత అందంగా ఉందో. ఆమెకు దాన్ని చించెయ్యాలనిపించింది. తలుపు మూసుకుంది, ఆవిడ ఖాళీ ట్రేతో వెనక్కి వస్తూ "మీకూ ఒకటి ఇవ్వనా అమ్మా" అంటే వద్దని తల ఊపింది, వద్దన్నందుకు కూడా తన మీద కోపం వచ్చింది, టీ తాగితే ఏం పోయేది, పొద్దుటి నుంచి కడుపులో ఏమీ లేదు. పొద్దున ఆఫీసులోకి రాగానే ఆయన వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు, స్క్రీన్ వైపు వంగాడు, "ఈ చివరిదానికి ఫీల్డ్ అంకెలు లేవు కదమ్మా" అన్నాడు. లేవు, ఎవరూ కొలవలేదు కాబట్టి లేవు. "అంకెలు లేని గుణకం మన ఇష్టం" అని ఆమె భుజం మీదుగా చెయ్యి చాచి, ఒక్క వేలితో, చూపుడు వేలితో, సున్నా నొక్కాడు.

"అంకె లేకపోతే తెలియదని రాయాలి సర్. సున్నా అని కాదు."

"తెలియదు అని గ్రాఫ్ గియ్యగలవా తల్లీ?"

దానికి ఆమె దగ్గర జవాబు ఉంది, ఇప్పుడుంది, పది జవాబులున్నాయి, వరుసగా గొంతులో నిలబడి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. పొద్దున ఒక్కటీ రాలేదు. తెలియదు వేరు, సున్నా వేరు సర్, చీకట్లో మెట్టు ఉందో లేదో తెలియనప్పుడు మెట్టు లేదని రాస్తారా, మీ మనవడికి జ్వరం ఎంతో చూడకుండా లేదని రాస్తారా, అని అడగాల్సింది. అడగలేదు. మోడల్ పరిగెత్తింది, ఎప్పుడూ మొరాయించేది ఇవాళ నీళ్ళలా జారిపోయింది, అడ్డం పడేదాన్ని తీసేశాక జారక ఏం చేస్తుంది. "చూశావా, దానికే ఇష్టం లేదు ఆ పదం" అన్నాడు ఆయన నవ్వుతూ. ఆమె కీబోర్డు మీద తన చేతుల్ని చూస్తూ కూర్చుంది. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి కూడా ఇంతకంటే నయం, అది తన కళ్ళే మూసుకుంటుంది, ఈయన అందరి కళ్ళూ మూస్తున్నాడు. చిన్నగా అడిగింది, ఒక ఏడాది ఇవ్వండి సర్, ఉడకబెట్టని రాళ్ళ మీద సరిగ్గా కొలుస్తాను, మడ్డితో పాటు నత్రజని ఉప్పు కలిపి ఇస్తే ఆ పాతవి అణుగుతాయేమో చూస్తాను, ఈలోగా ట్యాంకుల దగ్గర గ్యాస్ మీటర్లు పెట్టించండి. ఆయన నవ్వు ఆపేశాడు. "ఏడాది ఆగితే మూసేస్తారమ్మా. చమురు పెరగకపోతే ఈ వేసవి దాటి ఆ ఫీల్డ్ ఉండదు. అప్పుడు నీ పదం ఎవరికి చూపిస్తావు?" అది అబద్ధం కాదు. కోపం ఎటు తిరిగినా అక్కడ గోడ, ఆ గోడకి తల బాదుకుని మళ్ళీ వెనక్కి.

ఒళ్ళో ఫోన్ వణికింది. అక్క.

"అయిపోయిందా? ఒప్పుకున్నారా?"

"ఇంకా లేదక్కా."

"మీ బావ నిలబడనివ్వట్లేదు నన్ను. డ్యూటీకి వెళ్ళే ముందు తెలుసుకోవాలట. ఇదిగో, నువ్వే చెప్పు."

బావ గొంతు, ఎప్పటిలాగే పక్కింటికి కూడా వినపడేటట్టు. "ఏం పిల్లా, మీ పురుగులు మాకు కూడు పెడతాయా లేదా?"

"బావా, మాస్కు పెట్టుకుని మూత తియ్యమన్నానే, తీస్తున్నావా?"

"అది పెట్టుకుంటే టేపు మీద గీత కనపడదు. అద్దం నిండా ఆవిరి."

"గ్యాస్ పెరుగుతుంది బావా. ఇప్పుడున్నట్టు ఉండదు."

"పెరిగితే తెలీదా నాకు? పాతికేళ్ళ ముక్కు ఇది."

"ఆ ముక్కే ముందు పోతుందని ఎన్నిసార్లు చెప్పాలి నీకు!"

బావ గొంతు తగ్గింది, తగ్గిన ఆ గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు. "విను. ఈ పని ఆగితే మూసేస్తారు మమ్మల్ని. ఈ వయసులో నాకు పని ఎవడిస్తాడు? నాకొక్కడికే కాదు, ఇక్కడ అందరికీ అంతే. నువ్వు నోరు విప్పావని తెలిస్తే రేపు వాళ్ళు నా మొహం చూస్తారా? నీకు దండం పెడతా, నోరు మూసుకుని కూర్చో." ఫోన్ పెట్టేశాడు.

దండం పెడతాడట. తనకు దండం పెడతాడట, తడుస్తూ నిలబడ్డవాడు. ఆమెకు ఏడుపు రాలేదు, చెవులు వేడెక్కాయి, ఎవరినైనా కొట్టాలనిపించింది, ఎవరిని, బావనా, ట్యాంకునా, చమురునా, ఆ చమురు పోసుకుని తిరిగే ప్రతి బండినా. చావనీ, అంత మొండివాడు, చెబితే వినడు, చావనీ అనుకుంది, అనుకున్న మరుక్షణం చేత్తో నోరు మూసుకుంది, పైకి అనకపోయినా. అడకత్తెరలో పోకచెక్క అంటారు, పోకచెక్కకు కనీసం కోపం రాదు. మాట్లాడితే ఆయన కూడు తీసినట్టు, మాట్లాడకపోతే ఆయన్నే తీసినట్టు. అక్క మొహం ఎటు తిరిగినా తన వైపే తిరుగుతుంది. మరి ఈ లెక్క కూడా వెయ్యి, వేస్తావుగా అన్నీ, ఎంత కూడుకు ఎంత ఊపిరి, గుణకం ఎంత, దీనికీ ఫీల్డ్ అంకెలు లేవు కదా, మన ఇష్టం, సున్నా పెట్టెయ్. ప్లాస్టిక్ ఆకు ఒకటి ఊడి ఆమె చేతిలోకి వచ్చేసింది. ఎప్పుడు లాగిందో తెలియలేదు. దాన్ని మళ్ళీ గుచ్చబోతే నిలబడలేదు, కుండీలో పడేసింది.

ఇంతలో తలుపు తెరుచుకుంది, పెద్దాయన కాదు, కోటు గుండీలు పెట్టుకుంటూ ఎవరో కుర్రాడు, "మేడమ్, లోపలికి రమ్మంటున్నారు" అన్నాడు. లోపల ఇంకా చల్లగా ఉంది, టీ కప్పులు సగం సగం, తెర మీద ఆ గీత. బల్లకు అటు చివర కూర్చున్నది చైర్మన్ అని ఆయన ముందున్న రెండు నీళ్ళ సీసాలను బట్టి తెలిసింది. ఆయన పక్కన ఫీల్డ్ మేనేజరు, అంటే బావకు పై అధికారి, ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టుకుని. ఈ పక్కన సేఫ్టీ చూసే అతను, నీరసంగా ఉన్నాడు, చెయ్యి ఇంకా సగం ఎత్తే ఉంది, అడిగింది అతనే అన్నమాట. "ఏం లేదమ్మా" అన్నాడు చైర్మన్, "ఈ మడ్డి తిని కింద విషపు గ్యాస్ పుట్టదు కదా అని ఈయన అనుమానం. మోడల్ నువ్వు రాశావట." పెద్దాయన ఆమె వైపు తిరిగాడు, చిరునవ్వు చెదరలేదు, కానీ చూపుడు వేలు బల్ల అంచును రుద్దుతోంది. "చెప్పు తల్లీ. మన మోడల్‌లో ఎక్కడైనా గ్యాస్ వచ్చిందా?" ఎంత జాగ్రత్తగా అడిగాడో. బావిలో వస్తుందా అని అడగలేదు, మోడల్‌లో వచ్చిందా అని అడిగాడు. రాలేదు అంటే అది నిజం, అచ్చమైన నిజం, ఎవరూ పట్టుకోలేని నిజం, ఆమె చేత ఆ నిజం చెప్పించి రేపు ఏదైనా అయితే రాసిన అమ్మాయే చెప్పింది కదండీ అంటాడు, ఆయనకు తెలియకుండానే ఆయన అంత దూరం ఆలోచించాడు.

"రాలేదు సర్" అంది.

ఆయన ఊపిరి వదలడం వినిపించింది.

"ఎలా వస్తుంది? పొద్దున మీరే కదా సున్నా పెట్టారు."

తర్వాత ఆమె ఆగలేదు. గొంతు పెద్దదవుతోందని తెలుస్తూనే ఉంది, బావ గొంతులా అవుతోందని కూడా, ఆపలేదు. ఉడకబెట్టిన రాయి గురించి చెప్పింది, చెడిపోయిందని పారెయ్యమన్న రాయి గురించి చెప్పింది, సముద్రపు నీళ్ళు, గంధకం, అడుగున ఆకలితో ఉన్నవి, అన్నీ, తెర దగ్గరికి వెళ్ళి ఆ అందమైన గీత కింద చేత్తో ఇంకో గీత గీసి చూపించింది, వెలుగు ఆమె చేతి మీద పడి ఆ గీత మధ్యలో విరిగింది. "ఎంతని కచ్చితంగా చెప్పలేను, కొలవలేదు కాబట్టి. కొలవలేదు అంటే లేదు అని కాదు. ట్యాంకు మూత తెరిచి వంగే మనిషిని చంపడానికి ఎంత కావాలో మాత్రం కచ్చితంగా తెలుసు, దానికంటే ఎక్కువే వస్తుంది." సేఫ్టీ అతను చెయ్యి దించి రాసుకోవడం మొదలుపెట్టాడు. పెద్దాయన "అమ్మాయి కొంచెం ఆవేశంలో ఉంది" అన్నాడు, ఎవరూ అటు చూడలేదు, ఆయన కూడా చేతుల్లోకి చూసుకున్నాడు. చైర్మన్ అడిగినవి రెండే ప్రశ్నలు, తేలడానికి ఎంత కాలం పడుతుందని, ఏడాది అని చెప్పింది, ఈలోగా కొంచెంగా మొదలుపెట్టొచ్చా అని, వద్దని చెప్పింది. ఆయన అటూ ఇటూ చూసి, సీసా మూత బిగించి, "అయితే ఈ ఫీల్డ్‌ని మూసివేతల జాబితాలోకి పంపండి. మిగతాది టీ తర్వాత చూద్దాం" అన్నాడు. అంతే. అంత సులువుగా. గ్యాస్ ఆగడానికీ మనుషుల పని పోవడానికీ కలిపి ఒకే వాక్యం సరిపోయింది, ఆ వాక్యానికి ఆమె చెంప ఛెళ్ళుమన్నట్టయింది. అది కాదండీ నేను చెప్పింది, మీటర్లు పెట్టి, ఉప్పు కలిపి చూసి, అని మొదలుపెట్టింది, కుర్చీలు వెనక్కి జరుగుతున్న చప్పుడులో ఎవరికీ వినపడలేదు. ఫీల్డ్ మేనేజరు బోర్లా పెట్టిన ఫోన్ తీసి చెవికి పెట్టుకుంటూ ఆమెను దాటి వెళ్ళాడు.

వరండాలోకి వచ్చింది. పెద్దాయన వెనకే వచ్చి ఆమె పక్కన ఆగాడు, ఏదో అంటాడనుకుంది, తిడతాడనుకుంది, తిడితే ఎంత బాగుండునో, ఆమె దగ్గర ఇంకా చాలా ఉంది. ఆయన తల్లీ అనలేదు, లాప్‌టాప్ సంచి ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకుని మెట్ల వైపు వెళ్ళిపోయాడు. పిలవాలనిపించలేదు, పిలవనందుకు ఏమీ అనిపించలేదు కూడా. కోపం తగ్గలేదు, తగ్గుతుందేమో అనుకుంది, మాట్లాడేస్తే బరువు దిగుతుందంటారు కదా, ఒట్టి మాట, ఇంకా పెరిగింది, ఇప్పుడది ఆ చైర్మన్ సీసా మూత మీదికి కూడా పాకింది. ఫోన్ మోగింది. ఈసారి అక్క కాదు, బావ. ఎత్తగానే పేలాడు.

"చల్లగా ఉందా ఇప్పుడు? నువ్వేనటగా! మేనేజరు స్పీకర్ ఫోన్లో చెప్పాడు, మీ మరదలే మూయించింది అన్నాడు, అందరి ముందూ! నీకు చదువు చెప్పించింది ఇందుకా? మీ అక్కకు ఏం చెప్పను నేను, నువ్వు చెప్తావా? తిన్నింటి వాసాలు లెక్కబెట్టావు కదే! ఇంక మా గుమ్మం తొక్కావంటే..."

ఇంకా ఏవేవో అన్నాడు, అమ్మను కూడా కలిపి అన్నాడు, ఎప్పుడూ అననివి. పక్కనుంచి టీ కప్పులతో పోతున్నవాళ్ళు ఆమె వైపు చూశారు, ఫోన్‌లోంచి అంత గట్టిగా వినపడుతోంది. ఆమెకూ అరవాలని ఉంది, నోటి దాకా వచ్చింది, పోయేవాడివి నువ్వు, నీ కోసమే కదా, మొండి గాడిదా, అని. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగాడు, దగ్గు వచ్చింది, దగ్గి మళ్ళీ మొదలుపెట్టాడు. నిచ్చెన మీద ఆ వంగిన మెడ గుర్తొచ్చింది. ఆమె గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది, ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది.

"తిట్టు బావా" అంది, అరుస్తూనే. "రేపు కూడా తిట్టు. పైయేడు కూడా తిట్టు. ముసలాడివయ్యాక కూడా కూర్చుని తిట్టు. నేను పెట్టెయ్యను."